నెత్తురు చెప్పే గుండె కబురు



మన వైపు ఛాతీలో మంట పుడితే ముందు ‘గ్యాసు’ అంటాం, సోడా తాగి పడుకుంటాం. అదే ఆసుపత్రికి వెళ్తే ఈసీజీ తీసి, నెత్తురు తీసుకుని ‘ట్రోపోనిన్ చూడాలి’ అంటారు. నెత్తురులో గుండె సంగతి ఎలా తెలుస్తుంది? ఆ చరిత్ర మొదట్లో మన తెలుగువారొకరున్నారు. అందుకే ఇది రాస్తున్నాం.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పనిలోనే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. కండరం అత్యవసరానికి దాచుకునే శక్తి అది. దాని మీద పనిచేసే ఎంజైమ్ క్రియాటిన్ కైనేజ్ ఆ తర్వాత బయటపడింది. కండరం దెబ్బతింటే ఈ ఎంజైమ్ నెత్తురులోకి వచ్చేస్తుంది. ఇందులో గుండెలో ఎక్కువగా ఉండే రకం సీకే-ఎంబీ.

గుండెపోటు వచ్చినవాళ్ళ నెత్తురులో ఎస్‌జీఓటీ పెరుగుతుందని న్యూయార్క్ వైద్యులు 1954లో చూపించారు. కాని అది కాలేయంలోనూ ఉంటుంది కాబట్టి అనుమానం తీరేది కాదు. తర్వాత చాలా ఏళ్ళు సీకే-ఎంబీనే నమ్ముకున్నారు. 1989లో జర్మనీలో హ్యూగో కాటుస్ బృందం ట్రోపోనిన్-టి పరీక్షను తెచ్చింది. 2000లో యూరప్, అమెరికా హృద్రోగ వైద్య సంఘాలు గుండెపోటు నిర్వచనంలోనే ట్రోపోనిన్‌కు పెద్దపీట వేశాయి.

గుండె ఆపరేషన్ అయితే, ఆ కోతకే ట్రోపోనిన్ పెరుగుతుంది. 13,862 మందిని పరిశీలించి 2022లో ప్రచురించిన విజన్ అధ్యయనం ఒక లెక్క చెప్పింది. బైపాస్ గాని అయోర్టిక్ వాల్వ్ మార్పిడి గాని అయిన ఒక రోజులోపు అది మామూలు హద్దుకు సుమారు 218 రెట్లు దాటితే, నెల రోజుల్లో ప్రాణాపాయం ఎక్కువ. కాబట్టి ఆపరేషన్ తర్వాత రిపోర్టులో పెద్ద అంకె చూసి మనమే హడలిపోకూడదు, డాక్టరునే అడగాలి.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో అమెరికాలో గుండెపోటుతోనే పోయారు. అప్పటికి 53 ఏళ్ళు. ఈ పరీక్షలేవీ ఇంకా రాలేదు. దక్షిణాసియావాళ్ళలో మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు కూడా 53 అని, మిగతా దేశాలవారికి సుమారు 59 అని ఇంటర్‌హార్ట్ పరిశోధకులు 2007లో రాశారు.

ఒక్క మాట గుర్తుంచుకుందాం. నొప్పి మొదలైన వెంటనే ట్రోపోనిన్ పెరగకపోవచ్చు, అందుకే కొన్ని గంటలాగి మళ్ళీ తీస్తారు. ‘ఒకసారి తీశారుగా, ఇంటికి పంపండి’ అని డాక్టర్లతో గొడవ పడొద్దు. అసలు సోడా తాగి పడుకోనే వద్దు.