నూకలూ నిండు గింజలూ: గ్రాఫిక్స్ కార్డుల ధరల కథ

1996 చివర్లో అమెరికాలో ఆర్కిడ్ అనే కంపెనీ ‘రైచస్ 3డి’ పేరుతో ఒక కార్డు అమ్మకానికి పెట్టింది. ధర 299 డాలర్లు. కంప్యూటర్లో బిగించి 3డి ఆట మొదలుపెట్టగానే డబ్బాలోంచి ‘టక్’మని చప్పుడు వినిపించేది. లోపల రిలే మారిన శబ్దం అది. అప్పటిదాకా తెరను నడుపుతున్న పాత కార్డు పక్కకు తప్పుకుని, మానిటర్‌ను కొత్త కార్డుకు అప్పగించిందన్నమాట. ఆట ముగిస్తే మళ్ళీ టక్. ఈ కొత్త కార్డుకు 3డి బొమ్మలు గీయడం తప్ప మరో పని రాదు. విండోస్ తెర చూపించడానికి ఇంకో కార్డు ఉండాల్సిందే. రెండింటినీ కలుపుతూ కంప్యూటర్ వెనకాల ఒక కేబుల్ వేలాడుతుండేది.

దాని మీదున్న ‘వూడూ’ చిప్పును తయారుచేసింది 3డీఎఫ్ఎక్స్. సిలికాన్ గ్రాఫిక్స్‌లో పనిచేసి బయటికొచ్చిన రాస్ స్మిత్, గ్యారీ టరోలీ, స్కాట్ సెల్లర్స్ 1994లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాలు సినిమా స్టూడియోలకూ పరిశోధన కేంద్రాలకూ తప్ప మామూలు మనిషికి అందేవి కావు. ఆ విద్యను ఇంటి కంప్యూటర్లోకి దించాలన్నది వీళ్ళ పంతం. 1996లో మెమరీ చిప్పుల ధరలు కుప్పకూలడం వీళ్ళకు కలిసొచ్చింది. 4 ఎంబీ మెమరీతో, ఫ్యాను కూడా లేకుండా కార్డు తయారైంది.

అప్పట్లో చవక కార్డు, ఖరీదు కార్డు అన్న లెక్క లేదు. వూడూ ఉన్నవాడు, లేనివాడు, అంతే. 1998 ఫిబ్రవరిలో వూడూ2 వచ్చాక ఆ లెక్క మారింది. రెండు వూడూ2 కార్డులు కొని జోడిస్తే, తెర మీది గీతల్లో ఒకటి సరి గీతల్నీ మరొకటి బేసి గీతల్నీ గీసేవి. 12 ఎంబీ కార్డు ఒక్కోటి 299 డాలర్లు కాబట్టి జోడీ దాదాపు 600. ఆటల కోసం ఇంత ఖర్చు పెట్టే జనం ఉన్నారని కంపెనీలకు తెలిసొచ్చింది అప్పుడే.

ఖర్చు పెట్టలేని జనం అంతకు ఎన్నో రెట్లు ఉన్నారని ముందు పసిగట్టింది మాత్రం ఎన్విడియా. 1993లో పుట్టిన ఈ కంపెనీ 1999లో టీఎన్‌టీ2 కార్డులు తెచ్చింది. అదే ఏడాది ‘ఎం64’ అన్న తోకతో ఒక చవక రకాన్నీ వదిలింది. చిప్పుకూ మెమరీకీ మధ్య రాకపోకలు సాగే దారి అసలు కార్డులో 128 బిట్లు, ఎం64లో 64. నాలుగు వరుసల రోడ్డును రెండు వరుసలకు కుదించారన్నమాట. పెట్టె మీద మాత్రం ‘టీఎన్‌టీ2’ అనీ, ‘32 ఎంబీ’ అనీ పెద్దక్షరాలు. దారి వెడల్పు గురించి పెట్టె మాట్లాడదు.

ఈ వ్యాపారంలో పాతికేళ్ళుగా నడుస్తున్న మోసం, అంత మాట వద్దనుకుంటే కనికట్టు, ఇక్కడే మొదలైంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే ఆ కంప్యూటర్ బజారులో, కొనడానికొచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని ఎంబీ?’ తర్వాత అదే ‘ఎన్ని జీబీ?’ అయింది. ఆ ప్రశ్నకు తగ్గట్టే కార్డులు తయారయ్యాయి. 2003లో వచ్చిన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200 నెమ్మదైన చిప్పు. దానికి 256 ఎంబీ మెమరీ తగిలించినా గుర్రబ్బండికి లారీ టైర్లు వేసినట్టే.

2018లో ఇంకా విచిత్రం జరిగింది. జీటీ 1030 అనే చవక కార్డు అప్పటికే బజారులో ఉంది, మెమరీ వేగం సెకనుకు 48 జీబీ. ఎన్విడియా చడీచప్పుడు లేకుండా అదే పేరుతో పాతరకం డీడీఆర్4 మెమరీ పెట్టిన కార్డు దించింది. దాని వేగం 16.8 జీబీ. పేరు అదే, ‘2 జీబీ’ అన్న మాటా అదే, లోపల మూడో వంతు.

అలాగని చవక కార్డులన్నీ మాయలే అనుకుంటే పొరపాటు. 2000 జూన్‌లో వచ్చిన జీఫోర్స్2 ఎంఎక్స్ నిజాయితీ గల సరుకు. అన్నగారైన జీటీఎస్‌లో నాలుగు పిక్సెల్ పైప్‌లైన్లు ఉంటే ఇందులో రెండు. ధర దాదాపు 120 డాలర్లు, అంటే అన్న ధరలో మూడో వంతు. క్వేక్ 3 హాయిగా ఆడేది. మరుసటి ఏడాది ఆపిల్ సైతం తన పవర్ మ్యాక్ జీ4లో దీన్నే పెట్టింది.

ఆ మంచిపేరును ఎన్విడియా 2002లో జీఫోర్స్4 ఎంఎక్స్ అమ్మడానికి వాడుకుంది. పేరు నాలుగో తరానిది, ఒళ్ళు రెండో తరానిది. మూడో తరంలోనే వచ్చిన పిక్సెల్ షేడర్లు ఇందులో లేవు. ‘డూమ్ 3’ కోసం దీన్ని కొనొద్దని ఆ ఆట రూపకర్త జాన్ కార్మాక్ బాహాటంగానే చెప్పాడు. తమాషా ఏమిటంటే చివరికి డూమ్ 3 దాని మీద నడిచింది, ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: శాండ్స్ ఆఫ్ టైమ్’ మాత్రం మొండికేసింది. దాన్ని ఎలాగైనా ఆడాలనుకున్న కుర్రాళ్ళు ‘3డి అనలైజ్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో ఆటను మాయచేసి మొదలుపెట్టేవారు. లేని షేడర్లు ఉన్నాయని అబద్ధమాడటమే ఆ సాఫ్ట్‌వేర్ పని.

ఇక అసలు కథ. రైస్ మిల్లులో నిండు గింజ ఒక బస్తాలోకి, విరిగింది నూకగా ఇంకో బస్తాలోకి పోతుంది. చిప్పుల ఫ్యాక్టరీలోనూ అదే పద్ధతి. సిలికాన్ పళ్ళెం మీద ఒకేసారి వందల చిప్పులు అచ్చవుతాయి. కొన్నింట్లో ఎక్కడో ఒక మూల దెబ్బతింటుంది. పారేస్తే నష్టం, అందుకని ఆ మూలను మూసేసి తక్కువ ధరకు అమ్ముతారు. పద్ధతి న్యాయమైనదే. చిక్కెక్కడంటే, నూకలకు గిరాకీ పెరిగి చాలినన్ని నూకలు లేనప్పుడు మిల్లువాడు మంచి గింజల్నే విరగ్గొట్టాల్సి వస్తుంది.

2002 చివర్లో కెనడా కంపెనీ ఏటీఐ అమ్మిన రేడియాన్ 9500 సరిగ్గా అలాంటిది. 399 డాలర్ల రేడియాన్ 9700 ప్రోలో ఉన్న చిప్పే ఇందులోనూ ఉండేది, ఎనిమిది పైప్‌లైన్లలో నాలుగు మూసేసి. మూసింది గట్టి తాళంతో కాదు, సాఫ్ట్‌వేర్‌తో. ఔత్సాహికులు డ్రైవర్‌ను కాస్త సవరించి ఆ నాలుగూ తెరిచేశారు. మెమరీ చిప్పులు బోర్డు మీద ఎల్ ఆకారంలో ఉంటే దారి కూడా వెడల్పైనదే కాబట్టి, కార్డు దాదాపు 9700 అయిపోయేది. అందుకే కొనేవాళ్ళు దుకాణంలో పెట్టె విప్పించి మెమరీ వరుస చూసేవారు. అదృష్టం లేనివాళ్ళకు తెర మీద చదరంగం గళ్ళలా మచ్చలు వచ్చేవి. అంటే అది నిజంగానే నూక. మచ్చలు రాలేదంటే మిల్లువాడు నిండు గింజను నూకల బస్తాలో పోశాడని అర్థం.

ఈ ఆట చాలా ఏళ్ళు సాగింది. 2010 డిసెంబరులో వచ్చిన రేడియాన్ హెచ్‌డీ 6950ని, కార్డులో ఉండే బయాస్ అనే సాఫ్ట్‌వేర్ మార్చి, పైమెట్టు 6970 చేసుకున్నవాళ్ళకు లెక్కలేదు. తర్వాత కంపెనీలు తాళాలను చిప్పులోనే బిగించడం నేర్చుకున్నాయి.

కొనేవాడికి బంగారు కాలమంటే 2007, 2008. 2007 మే నెలలో ఎన్విడియా 8800 అల్ట్రా ధర 829 డాలర్లు, అందులో లెక్కలు కట్టే కోర్లు 128. ఆ అక్టోబరులో అదే కంపెనీ 8800 జీటీ తెచ్చింది. కోర్లు 112, ధర 249 డాలర్ల దరిదాపుల్లో. అల్ట్రా కొన్నవాళ్ళు ఆరు నెలలు తిరక్కుండానే తలపట్టుకున్నారు. మరుసటి జూన్‌లో ఎన్విడియా జీటీఎక్స్ 280ని 649 డాలర్లకు దించితే, అప్పటికే ఏటీఐని కొనేసిన ఏఎండీ 299 డాలర్ల హెచ్‌డీ 4870తో పోటీకొచ్చింది. కొన్ని వారాల్లోనే 280 ధర 499కి దిగింది. పోటీ ఉంటే ధర ఎలా దిగుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ రంగంలో దొరకదు.

ఆ తర్వాత ధరలు పైకే. 2013 ఫిబ్రవరిలో ‘టైటాన్’ పేరుతో 999 డాలర్ల కార్డు వచ్చింది. అమ్ముడైంది కూడా. ధరకు ఒక హద్దు ఉండాలన్న మొహమాటం దాంతో పోయింది.

చవక వైపు నిలబడి గట్టిగా కొట్టిన చివరి దెబ్బలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన రాజా కోడూరి 2015లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యాడు. 2016 జూన్ 29న వచ్చిన ఆర్ఎక్స్ 480 ఆ విభాగం పందెం. వర్చువల్ రియాలిటీ ఆటలకు సరిపోయే కార్డు 199 డాలర్లకే ఇస్తామన్నారు, ఇచ్చారు. పాత నూకల కథ ఇక్కడా తలెత్తింది. మొదట అమ్మిన 4 జీబీ కార్డులు కొన్నింటిలో నిజానికి 8 జీబీ మెమరీ ఉంది. బయాస్ మార్చినవాళ్ళకు మిగతా సగం ఉచితం. మూడు వారాల్లో ఎన్విడియా 249 డాలర్ల జీటీఎక్స్ 1060తో బదులిచ్చింది. ఆటలు అమ్మే స్టీమ్ వేదిక, ఎక్కువమంది వాడే కార్డులవని ప్రకటించే జాబితాలో ఆ కార్డు 2022 చివరిదాకా, కొన్నేళ్ళ పాటు, మొదటి స్థానం వదల్లేదు. దాన్ని దించింది కూడా ఖరీదు కార్డు కాదు, 149 డాలర్ల జీటీఎక్స్ 1650. ఇది 75 వాట్లతో, స్లాటులోంచి వచ్చే కరెంటుతోనే నడుస్తుంది. ఆఫీసులు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్ కొని, అందులో ఇలాంటి కార్డు గుచ్చి ఆటలాడే కుర్రాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు.

రాజా కోడూరి 2017లో ఇంటెల్‌కు వెళ్ళిపోయాడు. అక్కడ ఆర్క్ కార్డులకు పునాది వేసి 2023లో బయటికొచ్చాడు.

ఈ మధ్యలో కరువొచ్చింది. కొవిడ్ వల్ల చిప్పులు చాలలేదు. ఉన్నవాటిని ఇథీరియం అనే డిజిటల్ నాణేలు తవ్వేవాళ్ళు ఎగరేసుకుపోయారు. 2021 ఫిబ్రవరిలో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో తవ్వకం సగం వేగంతోనే సాగేలా ఎన్విడియా కట్టడి పెట్టింది. మరుసటి నెల పొరపాటున తానే వదిలిన ఒక డ్రైవర్‌తో ఆ కట్టడి ఊడిపోయింది! 2022 సెప్టెంబరు 15న ఇథీరియం కార్డులు అక్కర్లేని పద్ధతికి మారేదాకా ఆటగాళ్ళకు ఊపిరాడలేదు. ఆ ఏడాది జనవరిలో ఏఎండీ 199 డాలర్లకు ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇచ్చింది. ల్యాప్‌టాప్‌ల కోసం గీసిన చిప్పు, మదర్‌బోర్డుతో మాట్లాడటానికి నాలుగే లేన్లు. కొత్త బోర్డుల్లో ఫరవాలేదు, పాత బోర్డుల్లో వేగం పడిపోయేది. చవక కార్డు కొనేవాడి దగ్గర ఉండేది పాత బోర్డే కదా! అదే 199 డాలర్లకు అంతకు ఆరేళ్ళ ముందు వచ్చిన ఆర్ఎక్స్ 480 ఎదుట ఇది చిన్నబోయింది.

పేర్ల మాయ పైమెట్లకూ పాకింది. 2022లో ‘ఆర్‌టీఎక్స్ 4080 12 జీబీ’ అని 899 డాలర్లకు ప్రకటించిన కార్డును, అది 4080యే కాదని జనం గోల చేస్తే ఎన్విడియా వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే సరుకు ‘4070 టీఐ’ పేరుతో 799కి వచ్చింది. వంద డాలర్లు తగ్గించింది జనం గోలే.

ఇప్పుడు రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2022 అక్టోబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 ధర 1599 డాలర్లు, కోర్లు 16,384, కరెంటు 450 వాట్లు, బరువు రెండు కిలోల పైమాటే. కేసులో వంగిపోకుండా కింద ఊతం పెట్టాల్సి వస్తుంది. 2023లో వచ్చిన 4060 ధర 299, కోర్లు 3,072, కరెంటు 115 వాట్లు. భాగించి చూస్తే రెండింట్లోనూ కోరుకు పడేది 10 సెంట్ల లోపే, తేడా సెంటులో పదో వంతు కూడా లేదు. 2007లో అల్ట్రా కోరుకు ఆరున్నర డాలర్లయితే 8800 జీటీ కోరుకు రెండుంబావు. చవకగా కొన్నవాడికి అప్పుడు బేరం దక్కింది. 2022, 2023లో తూకం ప్రకారం సరుకు మాత్రమే దక్కింది. 299 డాలర్లంటే 1996లో బజారులోకెల్లా గొప్ప కార్డు ధర. ఈనాటి విలువలో అది దాదాపు 600. 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ధర 1999.

నూకల లెక్క మాత్రం ఈసారి తిరగబడింది. 4060లో ఉన్నది చిన్న చిప్పే అయినా దానిలోని 3,072 కోర్లూ తెరిచే ఉన్నాయి. 4090లో వాడిన పెద్ద చిప్పులో మొత్తం కోర్లు 18,432. అందులో 2,048 మూసేసి అమ్మారు.