సి భాషలో సిగ్నలు స్వీకారము : చరిత్ర

దేవనహళ్ళి మొదలుకొని ఎలక్ట్రానిక్ సిటీ వఱకు బెంగుళూరున ప్రోగ్రాములు వ్రాసి జీవించు ఆంధ్రులు పెక్కురు. వారి వృత్తికి ఆధారములైన యూనిక్సు వ్యవస్థయు, సి భాషయు 1969-73 నడుమ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు వెలసినవి.

నడచుచున్న ప్రోగ్రామును నడుమ నాపి వార్త నందించునది సిగ్నలు. దానిని స్వీకరించు భాగము హ్యాండ్లరు. 1979 నాటి ఏడవ యూనిక్సులో సిగ్నలు అందినంతనే హ్యాండ్లరు నియామకము రద్దగుచుండెను. మరల నియమించులోపల రెండవ సిగ్నలు వచ్చినచో ప్రోగ్రామే అంతరించెడిది. 1983లో బర్క్‌లీ యూనిక్సును, 1988లో పోసిక్స్ ప్రమాణమును ఈ లోపమును దిద్దినవి.

అయినను వేఱొక ప్రమాదము నిలిచినది. జ్ఞాపకస్థలమును పంచు మాలాక్ తన లెక్కలను సగము మార్చియుండగా సిగ్నలు వచ్చి, హ్యాండ్లరును దానినే పిలిచినచో ఆ లెక్కలు చెడును. కావున హ్యాండ్లరు ఒక గుర్తు మాత్రముంచి మరలవలెను. తక్కిన పని ప్రధానభాగము చేయవలెను. అట్టి గుర్తునకై 1989 నాటి సి ప్రమాణము ప్రత్యేకరకము నేర్పఱచినది.

ఈ నియమము తప్పినందున ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ నందు పరులు దూరమునుండియే యంత్రమును వశపఱచుకొనగల దోషము పుట్టినది. 2006లో దానిని దిద్దిరి. 2020లో ఆ రక్షణపంక్తి పొరపాటున తొలగుటచే అది మరల చొచ్చి, 2024లో బయల్పడినది. పాతపంక్తిని తొలగించువాడు అది ఏల చేరెనో మున్ముందు విచారింపవలెను.