ఇంట్లో బీరు కాచుకోవడం నేరం ఎప్పుడైంది? సికింద్రాబాద్ నుంచి ఒక పాత కథ

అమెరికాలో మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ కిచెన్‌లో ఒక పెద్ద గిన్నె, ఒక గుడ్డ సంచి, ఒక స్టవ్ ఉంటే చాలు, బార్లీ గింజలతో బీరు కాచుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. అదే పని సికింద్రాబాద్‌లో ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో చేస్తే నేరం. గిన్నె అదే, గింజ అదే. మరి తేడా ఎక్కడొచ్చింది? ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఈ పని ఏంటో చూద్దాం. ఇంట్లో బీరు చేసే హాబీ ఉన్నవాళ్లు మొదట రెడీమేడ్ మాల్ట్ పాకం కొని నీళ్లలో కలుపుతారు. అనుభవం వచ్చాక నేరుగా గింజలతో మొదలుపెడతారు. దాన్నే ఆల్ గ్రెయిన్ అంటారు. దోసె పిండి ప్యాకెట్ కొనడానికి, పప్పు నానబెట్టి రుబ్బుకోవడానికి ఉన్న తేడానే ఇది కూడా. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని బరకగా ఆడించి, సంచిలో వేసి, 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్లలో ఒక గంట ఉంచుతారు. మొలకలో పుట్టిన ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. సంచి పైకి తీసేసి, ఆ తియ్యటి నీళ్లను హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తారు. నాలుగు లీటర్లు చేసుకోవడానికి కిలో అటూఇటూ గింజలు సరిపోతాయి. చిన్న వంటగది చాలు.

ఇది మనకు తెలియని విద్య అనుకుంటున్నారా? మీ అమ్మమ్మని రాగి మాల్ట్ ఎలా చేస్తారో అడగండి. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు. మొలకెత్తిన గింజల పిండితో కాచిన జావ మామూలు జావ కంటే పల్చగా ఉంటుంది. చంటిపిల్లలకు మింగడం తేలిక. ఎందుకు పల్చబడింది? అవే ఎంజైములు పిండిని విడగొట్టాయి కాబట్టి. అంటే బీరు తయారీలో మొదటి సగం మన వంటింట్లో ఎప్పట్నుంచో ఉంది.

రెండో సగం కూడా ఉండేది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడు, అంటే మద్యం వ్యవహారాలు చూసే అధికారి కోసం ఒక అధ్యాయమే ఉంది. అందులో కిణ్వం అనే పులియబెట్టే ముద్ద ఎలా చేయాలో చెప్పారు. ముఖ్యమైన దినుసులు ఏంటో తెలుసా? మినుములు, బియ్యం. అవును, మన ఇడ్లీ పిండిలో ఉండే జంటే. సైన్స్ పుస్తకంలో మనం చదువుకున్న కిణ్వనం అనే మాట ఆ కిణ్వం నుంచే వచ్చింది.

ఇంకా ఆసక్తికరమైన సంగతి ఏంటంటే, ఆ గ్రంథంలో మద్యం మీద రాజుగారి పట్టు గట్టిగానే ఉంటుంది. పన్నులు, జరిమానాలు అన్నీ ఉన్నాయి. అయినా గృహస్థులు శుభకార్యాలకు తెల్ల సుర, మందు కోసం అరిష్టం ఇంట్లో చేసుకోవచ్చని ఉంది. ఉత్సవాలకూ జాతరలకూ నాలుగు రోజులు సడలింపు ఉంది. అంటే ఆదాయం రాజుదే, కానీ పండగపూట కుండ మాత్రం ఇంటిది.

ఇప్పుడు సికింద్రాబాద్‌కి వద్దాం. నిజాం 1798లో కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ సైన్యం హుస్సేన్ సాగర్ ఉత్తరాన దిగింది. 1806లో ఆ దండుకి సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. తెల్ల సిపాయిలకు బీరు కావాలి. ఆ రోజుల్లో ఇండియాకి పేల్ ఏల్ పీపాలు ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వచ్చేవి. తర్వాత ఇక్కడే బ్రూవరీలు పెట్టారు. 1915లో థామస్ లీష్‌మన్ దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. ఇవాళ్టి కింగ్‌ఫిషర్ ఆ కంపెనీదే.

బీరు ఫ్యాక్టరీ సరుకు అవుతుంటే, ఇంకోపక్క చట్టం ఇంటి కుండ మీద పడింది. ఆబ్కారీ అనే పారసీ మాట మద్యం తయారీ, అమ్మకం, దాని మీద పన్ను అన్నిటికీ స్థిరపడింది. బొంబాయిలో 1878లో, మద్రాసులో 1886లో ఆబ్కారీ చట్టాలు వచ్చాయి. నిజాం రాజ్యంలో ఫస్లీ 1316లో, అంటే 1906-07 ప్రాంతంలో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. వాటన్నిటి సారం ఒక్కటే: లైసెన్సు లేకుండా తయారీ లేదు. 1968లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కూడా అదే దారి. తెలంగాణలో నేటికీ అదే నడుస్తోంది. 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాయి. హోటల్‌కి, పబ్‌కి దారి దొరికింది. ఇంటికి మాత్రం లేదు.

"మంచిదే కదా, తాగుడు తగ్గుతుంది" అని మీరు అనొచ్చు. ఆ మాటలో బలముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. కానీ ఒకటి గమనించండి. ఆ ఆడవాళ్లు పోరాడింది ప్రభుత్వం వేలం పాడి ఊళ్లోకి పంపిన సారా దుకాణాల మీద. అంటే లైసెన్సున్న మద్యం మీదే. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అక్కడా తాగినవాళ్లు దుకాణానికి వెళ్లినవాళ్లే. ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. గుడుంబా లాంటివి బట్టీ పెట్టి కాస్తారు, అందులో ప్రమాదం చాలా ఎక్కువ. బీరు పులియబెట్టేది మాత్రమే. మన చట్టం ఈ రెంటినీ ఇంట్లోకి రానివ్వదు.

బయటి దేశాల్లోనూ మొదట ఇంతే. ఇంగ్లండ్‌లో 1880 నుంచి ఇంటి బీరుకు లైసెన్సు ఉండాల్సిందే. 1963లో తీసేశారు. అమెరికాలో 1978లో కార్టర్ సంతకంతో ఫెడరల్ చట్టం మారింది. ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్ల వరకు చేసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. మన దేశంలోనూ మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ లాంటి చోట్ల ఆదివాసులకు ఇంటి వాడకం కోసం పరిమితితో మినహాయింపు ఉంది. కోరాపుట్ వైపు బియ్యంతో చేసే లాందా ఇప్పటికీ పండగ పానీయమే.

క్లియర్‌గా చెప్తున్నా, ఇది చూసి ఇక్కడ ట్రై చేయకండి, చట్టం ఒప్పుకోదు. తాగమని కూడా చెప్పట్లేదు. చెప్పేది ఒక్కటే. మన ఇళ్లలోంచి కుండ పోయింది మనకు చేతకాక కాదు, ఖజానాకి లెక్క కావాల్సొచ్చి. మద్యం వల్ల నష్టం నిజమే. కానీ ఆ నష్టం గురించి, ఆదాయం గురించి విడివిడిగా మాట్లాడుకోవాలి. ఈసారి ఎవరైనా మద్యం పాలసీ గురించి మాట్లాడితే, అది మీ ఆరోగ్యం గురించా, బడ్జెట్ గురించా అని అడిగి చూడండి. మీ ఇంట్లో రాగి మాల్ట్ ఎలా చేస్తారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.