మాజీ సైనికులలో మద్యపాన వ్యసనం

మాజీ సైనికులలో మద్యపాన వ్యసనం అనగా సైన్యం నుండి విరమణ పొందినవారు మద్యానికి బానిసలై ఆరోగ్యమును, కొన్ని సందర్భాలలో కుటుంబమును, గృహమును కూడా కోల్పోయే పరిస్థితి. అమెరికాలో ఇళ్ళు లేని మాజీ సైనికులను ఏటా లెక్కిస్తారు. 2010లో సుమారు 74 వేలుగా ఉన్న వారి సంఖ్య 2024 నాటికి సుమారు 33 వేలకు తగ్గింది. భారత జనగణనలో ఇళ్ళు లేనివారి లెక్క ఉన్నది గాని, వారిలో మాజీ సైనికులను వేరుగా చూపరు.

కౌకూర్ పరిసరాలు

మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో బొల్లారం పక్కనున్న కౌకూర్, దాని సమీపంలోని యాప్రాల్, సైనిక్‌పురి ప్రాంతాలలో మాజీ సైనికుల కుటుంబాలు అధికంగా నివసిస్తున్నాయి. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటు, అందలి సైనిక ఆసుపత్రి, క్యాంటీను చేరువలో ఉండడం ఇందుకు ముఖ్య కారణం.

కారణాలు

సిపాయి సాధారణంగా నలభై ఏళ్ళ లోపుననే విరమణ పొందుతాడు. ఆ తరువాత క్వార్టరు ఖాళీ చేయవలెను. పిల్లల చదువులు మాత్రం అప్పుడే మొదలవుతాయి. చాలామందికి దొరికేది రాత్రి కాపలా ఉద్యోగమే. చలి ప్రదేశాలలో రమ్ముతో మొదలైన అలవాటు, క్యాంటీను కార్డుపై నెలనెలా తక్కువ ధరకు లభించే సీసాలతో కొనసాగుతుంది. వియత్నాంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికన్ సైనికులపై 1970లలో లీ రాబిన్స్ జరిపిన అధ్యయనంలో, స్వదేశానికి వచ్చాక అధికశాతం మంది దానిని మానివేసినట్లు తేలింది. పరిసరాలు మారితే అలవాటు సడలుతుంది. మన సిపాయికి ఊరు మారినా సీసా మారదు.

ఆరోగ్య సమస్యలు

దీర్ఘకాల మద్యపానం వలన కాలేయం గట్టిపడుతుంది (సిర్రోసిస్), క్లోమం వాస్తుంది, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. బి1 విటమిను లోపిస్తే నడక తడబడి, జ్ఞాపకశక్తి నశిస్తుంది. దీనిని చూచినవారు మత్తుగా పొరబడతారు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం తప్పక గమనించవలెను. ఏళ్ళ తరబడి రోజూ త్రాగేవానిని గదిలో బంధించి ఒక్కసారిగా మాన్పించడం ప్రాణాంతకం కావచ్చును. మొదటి రోజు చేతులు వణుకుతాయి, ఒకటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చును. రెండు నుండి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడి, జ్వరం, కలవరింతలతో మరణించే ప్రమాదమూ ఉన్నది. కావున మాన్పించడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగవలెను.

పింఛను, వైద్యం

మాజీ సైనికుల భాగస్వామ్య ఆరోగ్య పథకం (ఈసీహెచ్‌ఎస్) 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైనది. అయితే ఇది ప్రధానంగా పింఛనుదారులకు, వారి ఆధారితులకు మాత్రమే. సిపాయికి సర్వీసు పింఛను రావలెనంటే 15 సంవత్సరాల సేవ ఉండాలి. క్రమశిక్షణ కారణంగా అంతకుముందే పంపివేయబడినవారికి పింఛనూ లేదు, పాలీక్లినిక్కూ లేదు. మద్యపానం వలన కలిగిన వైకల్యానికి వైకల్య పింఛను కూడా సాధారణంగా ఇవ్వరు. అది వ్యక్తి అదుపులోని విషయమని నిబంధనల భావన. వ్యసనమును వ్యాధిగా గుర్తించే నేటి వైద్యశాస్త్రంతో ఇది పొసగదు. చికిత్స అత్యంత అవసరమైనవారే ఈ విధంగా బయట మిగిలిపోతున్నారు.

ఇట్టివారికి ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక విభాగాలు, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఆధారం. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ (14416) ఉచిత సేవ తెలుగులోనూ లభిస్తుంది. సహాయం కోరదలచినవారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమును సంప్రదించవచ్చును. వీధిన పడినవారి వద్ద డిశ్చార్జి పుస్తకం తరచుగా ఉండదు. జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవారు సైతం పాత సంగతులు కొన్ని చెప్పగలుగుతారు; సర్వీసు నంబరు, రెజిమెంటు పేరు చెప్పగలిగితే రికార్డు కార్యాలయం ద్వారా వివరాలు తెలిసికొనే అవకాశం ఉన్నది.