తిరుమలగిరి కంటోన్మెంటు: ‘నివాసం’ కొలిచిన రెండు చట్టాలు

మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన లష్కరు క్రమంగా తిరుమలగిరి వరకు విస్తరించింది. నేల నిజాముది, పరిపాలన బ్రిటిష్ రెసిడెంటుది. సైన్యం వెంట మద్రాసు ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన కాంట్రాక్టర్లు, గుమాస్తాలు ఏ రాజ్యపు నివాసులు అన్న ప్రశ్నకు నాటి చట్టాలలో ఏకైక సమాధానం లేదు.

ముల్కీ హోదాకు 1919 నాటి ఫర్మానా కనీసం 15 సంవత్సరాల స్థిరనివాసాన్ని, పూర్వస్థలానికి తిరిగి వెళ్ళే తలంపు విడిచినట్లు ప్రమాణపత్రాన్ని కోరింది. బ్రిటిష్ ఇండియా ఆదాయపు పన్ను చట్టానికి తలంపుతో పని లేదు. 1939 సవరణ ప్రకారం ఆ సంవత్సరంలో 182 రోజులు అక్కడ ఉంటే చాలు. ఉదాహరణకు, పన్నెండేళ్ళుగా హైదరాబాదు రాజ్యంలో ఉంటున్న వర్తకుడు ఇక్కడ ఇంకా గైర్‌ముల్కీయే. వ్యాపారరీత్యా ఆరు నెలలకు పైగా మద్రాసులో గడిపితే అక్కడి పన్నుకు మాత్రం నివాసి. అయితే 1940ల నాటికి 14వ సెక్షను కొంత ఊరటనిచ్చింది: సంస్థానంలో ఆర్జించిన ఆదాయం బ్రిటిష్ ఇండియాకు చేరనంతవరకు పన్ను లేదు. కనుక మనిషి ప్రయాణం కన్నా డబ్బు ప్రయాణమే కీలకమైంది. ‘స్థానికుడు’ అన్న పదాన్ని ఒకే అర్థంలో వాడే చరిత్ర రచనలు ఈ తేడాను గమనించవలసి ఉంది.

1945-46లో సికింద్రాబాదు పట్టణం నిజాముకు తిరిగి దక్కినా తిరుమలగిరి కంటోన్మెంటులోనే మిగిలింది. 1950 ఏప్రిల్ 1 నుండి భారత ఆదాయపు పన్ను చట్టం హైదరాబాదుకు వర్తించి ఆ సరిహద్దు చెరిగిపోయింది. ముల్కీ నిబంధనలు 1973లో 32వ రాజ్యాంగ సవరణ దాకా వివాదాస్పదంగా నిలిచాయి. 182 రోజుల లెక్క 1961 చట్టపు 6వ సెక్షనులోకి చేరి, విదేశాలకు వలసవెళ్ళిన తెలుగువారికి వర్తించింది.