బడిదారి సైకిళ్లు, తలమీద తువ్వాలు

బడుల చరిత్రలు రాసేటప్పుడు గదులు ఎప్పుడు కట్టారు, ఏ హెడ్మాస్టరు కాలంలో ఎంతమంది పాసయ్యారు అని రాస్తాం. పిల్లలూ అయ్యవార్లూ ఆ బడికి ఎలా చేరుకున్నారన్నది రాయం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో మా తరం చదువు చాలావరకు సైకిలు మీద నడిచింది. అదీ తలకు తువ్వాలు తప్ప మరేమీ లేకుండా. హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదని ఈ మధ్య మనవళ్లు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

స్వాతంత్ర్యానికి ముందు సైకిలంటే సీమ సరుకు. ర్యాలీ, హంబర్, హెర్క్యులెస్ అన్నీ ఇంగ్లండు నుంచి వచ్చినవే. కలిగినవాళ్ల ఇళ్లలో, కొందరు ఉద్యోగుల దగ్గర మాత్రమే ఉండేవి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ మొదలయ్యాక ధర దిగింది. పల్లెల్లోకి సైకిలు వచ్చింది. కొనలేనివాళ్లకు బాడుగ సైకిలు ఉండనే ఉంది. గంట లెక్కన తెచ్చుకుని, సీటు అందని పిల్లలు కడ్డీ కింద కాలు దూర్చి తొక్కడం నేర్చుకునేవాళ్లు.

ప్రభుత్వం సైకిలును పట్టించుకోలేదనుకుంటే పొరపాటే. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో బండి అనే మాట నిర్వచనంలోనే సైకిలునూ చేర్చారు. అందువల్ల పట్టణాల్లో సైకిలుకూ పన్ను ఉండేది. పన్ను కట్టినట్టు గుర్తుగా ఇచ్చిన బిళ్లను సైకిలుకు బిగించుకోవాలి. రాత్రిపూట దీపం ఉండాలి. డబుల్స్ పోకూడదు. దీపం లేకుండా దొరికితే పోలీసు జరిమానా రాయడు, చక్రంలోంచి వాల్వు పీకేస్తాడు. ఇక సైకిలు తోసుకుంటూ ఇంటికి నడవాల్సిందే. బిళ్ల చూశారు, దీపం చూశారు, వెనక కూర్చున్నదెవరో చూశారు. తల సంగతి ఎవరూ అడగలేదు.

మూడు ఊళ్లలో సైకిలు చేసిన పని ఒకటి కాదు. హిందూపురంలో చింతపండు మండీలకూ పట్టుగూళ్ల మార్కెట్టుకూ చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్లు వచ్చేవి. లేపాక్షి, పరిగి వైపు నుంచి హైస్కూలుకు వచ్చే పిల్లలు అదే దారిలో కలిసేవాళ్లు. ధర్మవరంలో సైకిలు క్యారియరంటే సగం మగ్గం కిందే లెక్క. షావుకారు ఇచ్చిన పట్టునూలు ఇంటికి వచ్చేదీ, నేసిన చీర తిరిగి పోయేదీ దానిమీదే. పెనుకొండ డివిజన్ కేంద్రం కాబట్టి గుమాస్తాలు ఎక్కువ. హిందూపురంలో కాపురం, పెనుకొండలో ఉద్యోగం ఉన్న సారువాళ్లకు రైలు సీజన్ పాసు ఒక చేతిలో, స్టేషను దగ్గర వదిలిన సైకిలు తాళంచెవి రెండో చేతిలో.

మన సీమలో తలకు భయం ఉంటే అది ఎండ భయమే. మార్చి నుంచి జూన్ దాకా తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని తొక్కేవాళ్లం. ఆ తర్వాత ఆషాఢం గాలి. రామగిరి కొండల మీద 1990ల్లో గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. పడమటి దిక్కుకు పోయేవాడికి ఆ గాలి ఎదురైతే అయిదు మైళ్లు పది మైళ్లంత. ఆ గాలికి సైకిలు వేగం ఎద్దులబండిని దాటితే గొప్ప. పడితే మోకాలు చెక్కుకుపోయేది, అరచేతుల్లో కంకర గుచ్చుకునేది. గంటకో బస్సు వచ్చేది. దాని హారన్ మలుపు అవతలే వినిపించేది కాబట్టి ముందే రోడ్డు దిగి నిలబడేవాళ్లం. పెద్ద దెబ్బలు అసలే తగల్లేదని అనను. దీపం లేని బండ్లకు గుద్దుకున్నవాళ్లున్నారు, లారీల కింద పడ్డవాళ్లూ ఉన్నారు. తలకు దెబ్బ తగిలి పోయాడా, మరో దెబ్బతో పోయాడా అని విడిగా లెక్క రాసినవాళ్లు లేరు. అందుకే మా కాలంలో ఏమీ కాలేదని మా ఈడువాళ్లు గట్టిగా చెప్పే మాటను నేను పూర్తిగా నమ్మను.

అప్పటికి హెల్మెట్ అనే వస్తువు ప్రపంచంలోనే కొత్త. 1935 మేలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ మోటారుసైకిలు మీద పోతూ, ఎదురుపడ్డ ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడి, తలకు దెబ్బ తగిలి ఆరు రోజులకు చనిపోయాడు. ఆ ఇద్దరూ సైకిళ్ల మీద ఉన్నారు. ఆయనకు వైద్యం చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అనే శస్త్రవైద్యుడు ఆ తర్వాత మోటారుసైకిలు ప్రమాదాల మీద పరిశోధన చేసి, 1941లో హెల్మెట్ అవసరాన్ని చాటాడు. అది మోటారుబండ్ల సంగతి. సైకిలు తొక్కేవారి కోసమే తయారైన బెల్ బైకర్ హెల్మెట్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1975లో. మన పూర్వవిద్యార్థి సంఘం వయసూ దాని వయసూ ఇంచుమించు ఒకటే. అది మన బజారుకు రావడానికి ఇంకెన్నో ఏళ్లు పట్టింది.

ఈలోగా రోడ్డు మారింది. 1980లో మన పక్కనున్న హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. పాలవాళ్లు, నేతవాళ్లు, అయ్యవార్లు ఒక్కొక్కరే సైకిలు దిగి దాన్ని ఎక్కారు. 1983 ఎన్నికల నుంచి హిందూపురం గోడలన్నీ సైకిలు గుర్తుతో నిండాయి గానీ, రోడ్డు మీద సైకిళ్లు మాత్రం పలచబడుతూ వచ్చాయి. పెనుకొండను ఒరుసుకుని పోయే ఏడో నంబరు జాతీయ రహదారి నాలుగు వరసలైంది, 44 అయింది. 2019 డిసెంబరులో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమయ్యాక ఆ దారిలో కంటెయినర్లకూ కార్మికుల బస్సులకూ లెక్క లేదు.

1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారుసైకిలు నడిపేవారికి హెల్మెట్ తప్పనిసరి చేసింది. తలపాగా కట్టే సిక్కులకు అందులో మినహాయింపు ఉంది. మన రుమాలుకు లేదు. ఇంజను లేదు కనుక సైకిలు ఆ చట్టం కిందికి రాదు. అంటే లారీ పక్కన పోయే ఇద్దరిలో ఇంజను ఉన్నవాడి తల గురించే చట్టం మాట్లాడింది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జులై 1 నుంచి సైకిలుకూ హెల్మెట్ తప్పనిసరి చేసింది. తలకు దెబ్బలు తగ్గాయి. సైకిలు తొక్కే పిల్లలూ తగ్గారు. ఏ తగ్గుదలకు ఏది కారణమన్న వాదన నేటికీ తెగలేదు. నెదర్లాండ్స్‌లో ఇంటిల్లిపాదీ సైకిలు తొక్కుతారు, హెల్మెట్ పెట్టేవారు తక్కువ. సైకిళ్లకు విడిగా దారి ఉండటం వల్ల వాళ్లకు అది చెల్లింది. హెల్మెట్ పనిచేయదని మాత్రం ఎవరూ అనలేరు. 40 అధ్యయనాలను కలిపి చూసి 2016లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, ప్రమాదానికి గురైన సైకిలిస్టుల్లో హెల్మెట్ ఉన్నవారికి తలకు తీవ్రమైన గాయమయ్యే అవకాశం 69 శాతం తక్కువ. అయితే యూరపు ప్రమాణం ప్రకారం దాన్ని పరీక్షించేది గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగపు దెబ్బకే. మా కాలపు పాటుకు అది చక్కగా సరిపోయేది. కంటెయినరు గుద్దితే అది చేయగలిగింది తక్కువ.

స్వర్ణోత్సవ కానుకగా దూరపు పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు సైకిళ్లు ఇద్దామని మనవాళ్లలో మాట నడుస్తోంది. హెల్మెట్ కూడా ఇద్దామంటే కొందరు నవ్వారు. రెండు జడలు మడిచి రిబ్బన్లతో కట్టుకున్న పిల్ల దాన్ని ఎక్కడ పెట్టుకుంటుందన్నారు. నవ్వులాటకన్నా అది మంచి ప్రశ్న. పిల్లల చేతే పెట్టించి చూసి, సరిపోయే సైజు కొనాలి. నా మట్టుకు సైకిలుతో పాటు ఇవ్వాలనే అంటాను. పెట్టుకోని పిల్లను బడి గేటు దగ్గర ఆపడానికి మాత్రం ఒప్పుకోను. ఆపితే ఆ పిల్ల హెల్మెట్ కోసం కాదు, ఇంటికే వెనక్కి పోతుంది. దానికి ముందు ఇంకో పని ఉంది. సైకిళ్లు అందుకోబోయే పిల్లల్లో ఎంతమంది జాతీయ రహదారిని దాటి రావాలో, ఎక్కడ దాటుతున్నారో హెడ్మాస్టరు గారి దగ్గర పేర్లు, ఊళ్లు తీసుకుని రాసుకోవాలి. ఆ కాగితం పట్టుకుని మనలో పెద్ద ఉద్యోగాలు చేసి దిగినవాళ్లు రోడ్డు అధికారుల దగ్గరికి వెళ్లవచ్చు.