మట్టపల్లి నరసింహస్వామి ఏ రాష్ట్రం దేవుడు?

మట్టపల్లి గుహలో నరసింహస్వామిని వెతికి పట్టుకున్నది ఆంధ్రా ఆయన! రాళ్ళు తర్వాత వేద్దురు గానీ, ముందు పూర్తిగా చదవండి.

ఈ మాట నాది కాదు, స్థలపురాణానిది. కృష్ణకి అవతలి ఒడ్డున తంగెడను ఏలే అనుమాల మాచిరెడ్డికి స్వామి కలలో కనబడి, ఫలానా గుహలో ఉన్నాను, జనానికి చూపించమన్నాడట. ఆయన పరివారంతో ఇవతలికి వచ్చి, వెతికి వెతికి అలిసిపోతే చివరికి ఒక గద్ద జాడ చూపించిందట.

స్థలపురాణాన్ని చరిత్ర అనుకునే రకం కాదు నేను. గద్దను పక్కన పెట్టండి. నాకు నచ్చిందేంటంటే, ఈ కథలో నది దాటడం అసలు ఒక సమస్యే కాదు. సరిహద్దు గొడవంతా తర్వాత వచ్చిందే. 1801లో అవతలి పల్నాడు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది, ఇవతలి నల్గొండ నిజాం కింద ఉంది. 1956లో రెండు ఒడ్డులూ ఒకే రాష్ట్రం అయ్యాయి, 2014లో మళ్ళీ రెండయ్యాయి.

కిందటి కార్తీకంలో ఇంటిల్లిపాదీ కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళాం. పదకొండు రోజులు, రోజుకి 32 ప్రదక్షిణలు చేస్తే మంచిదని అక్కడి నమ్మకం. మాకున్నది ఒక్కరోజే. నాన్న 32 తిరిగారు, నేను ఆరింటితో సరిపెట్టా. (ఐటీ నడుములు కదా!) గుడి బయట ఆగిన బళ్ళలో ఏపీ నంబర్లు తక్కువేం లేవు.

గుడికి, నదికి మధ్య కరకట్ట ఉంది. అది పులిచింతల ప్రాజెక్టు కోసం వచ్చింది. 1988లో ఎన్టీఆర్, 2004లో వైఎస్ శంకుస్థాపన చేస్తే 2013 డిసెంబరులో ప్రారంభమైంది. 45.77 టీఎంసీల నీళ్ళు, కృష్ణా డెల్టాలో 13 లక్షల ఎకరాల కోసం. కట్ట లేకపోతే గుహ నీళ్ళపాలే.

మా అత్తయ్య పుట్టిల్లు నెమలిపురి. ఆ ఊరు ముంపులో పోయింది. కట్ట మీద నిలబడి దిగువకి చూస్తూ, "స్వామికి కట్ట కట్టారు, మాకు లెక్క కట్టారు" అంది. ఎవరం ఏమీ అనలేదు.

డెల్టా కోసం మా ఊళ్ళు ముంచారని ఇటువైపు కోపం ఉంది, అది న్యాయమైన కోపమే. కాకపోతే ఇటు నెమలిపురి, చింత్రియాల పోయినట్టే అటు గుంటూరు వైపు పులిచింతల, కొల్లూరు కూడా పోయాయి. ఒకప్పటి వజ్రాల గనుల కొల్లూరు, కోహినూర్ దొరికిందని చెప్పుకునే ఊరు! కృష్ణ ఒడ్డు పంచ నారసింహ క్షేత్రాల్లో వాడపల్లి, మట్టపల్లి ఇటు, మంగళగిరి, వేదాద్రి, కేతవరం అటు. ఆ కేతవరం ఊరూ ముంపులోదే.

తంగెడ వైపు వాళ్ళెవరైనా ఇది చదివితే, మీ ఊళ్ళో మాచిరెడ్డి కథ ఎలా చెప్పుకుంటారో చెప్పండి. గద్ద అక్కడ కూడా ఉందా?